ఓ సాకర్, రేపు రా

మా అమ్మమ్మగారి ఊళ్లో, నా చిన్నప్పుడు, ప్రతి ఇంటి తలుపు మీదా సుద్దముక్కతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉండేది. రాత్రిపూట ఆడదయ్యం ఒకటి వచ్చి తలుపు కొడుతుందని, రాసింది చదువుకుని "సరే, రేపే వద్దాం" అని వెనక్కి పోతుందని చెప్పేవారు. మర్నాడు మళ్లీ వచ్చేది, మళ్లీ చదివేది, మళ్లీ పోయేది. రాతకి అంత విలువిచ్చే దయ్యాన్ని మళ్లీ అమెరికా వచ్చాకే చూశాను. ఇక్కడ దాన్ని సాకర్ అంటారు, మనం ఫుట్‌బాల్ అనే ఆటే.

వందేళ్లుగా అది వచ్చి తలుపు కొడుతూనే ఉంది. సాకర్ శకం మొదలైపోయిందని ఎవరో ఒకరు ప్రకటిస్తూనే ఉన్నారు. తలుపు మీద రాత అలాగే ఉంది. కిరాణా కొట్లో "అరువు రేపు" అన్న బోర్డుకి తేదీ ఉండదు కదా, ఇదీ అంతే.

ఈ విషయం మీద మాట్లాడటానికి నాకున్న అర్హత ఏమిటని అడగొచ్చు. నేను టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాను. డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఈ ఊళ్లో హనుమంతుడి గుడి ఉంది, జాతీయ సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్ కూడా ఉంది. శనివారం పొద్దున మొదటిచోట పార్కింగ్ దొరికినవాడు పుణ్యాత్ముడు. మా అబ్బాయి ఐదో ఏట నుంచి ఆడుతున్నాడు, ఇప్పుడు వాడికి పన్నెండు. అంటే నాకు ఏడేళ్ల మడతకుర్చీ అనుభవం ఉంది. కాఫీ కప్పు పెట్టుకోవడానికి చేతి పక్కన జేబున్న కుర్చీ. ఇంతకన్నా తక్కువ అనుభవంతో టీవీల్లో విశ్లేషకులైనవాళ్లు ఉన్నారు.

దయ్యం మొదటిసారి గట్టిగా తలుపు కొట్టింది 1930లో. ఉరుగ్వేలో జరిగిన మొట్టమొదటి ప్రపంచకప్‌లో అమెరికా బెల్జియంని 3-0తో, పరాగ్వేని 3-0తో ఓడించి సెమీఫైనల్‌కి వెళ్లింది. అక్కడ అర్జెంటీనా 6-1తో చావగొట్టింది, అది వేరే సంగతి. ప్రపంచకప్ చరిత్రలో మొదటి హ్యాట్రిక్ కొట్టింది కూడా అమెరికావాడే, బెర్ట్ పాటెనాడ్. ఆ సంగతి ప్రపంచ సాకర్ సమాఖ్య ఫిఫా ఒప్పుకున్నది 2006లో. డెబ్బై ఆరేళ్లు! పట్టాదారు పాసుపుస్తకంలో పేరెక్కడానికి మా ఖమ్మం జిల్లాలో కూడా అంతకాలం పట్టదు, మా పెదనాన్న కేసు ఒక్కటి పక్కన పెడితే.

అప్పటికే దేశంలో చక్కటి లీగ్ ఉండేది. పెన్సిల్వేనియాలో బెత్లహేం ఉక్కు కంపెనీ జట్టు, మసాచుసెట్స్‌లో బట్టల మిల్లుల ఊరు ఫాల్ రివర్ జట్టు, స్కాట్లండ్ నుంచి జీతాలిచ్చి మరీ పిలిపించుకున్న ఆటగాళ్లు. 1928లో ఆ లీగ్‌కీ జాతీయ సంఘానికీ చెడింది. మాట పట్టింపులు, బహిష్కరణలు, పోటీ సంఘాలు. ఆపైన ఆర్థికమాంద్యం వచ్చి 1933కల్లా మిగిలినదాన్ని ఊడ్చేసింది. అమెరికాలో సంఘం అంటూ పెట్టాక అది రెండుగా చీలి తీరాలన్న సూత్రం తెలుగువాళ్లం మనమే కనిపెట్టామని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. అదీ మనది కాదని తేలింది.

రెండోసారి 1950లో. బ్రెజిల్‌లోని బెలో హారిజోంటేలో జూన్ 29న అమెరికా ఇంగ్లండ్‌ని 1-0తో ఓడించింది. గోల్‌కీపర్ ఫ్రాంక్ బోర్గీ శవాల బండి నడిపేవాడు. వాల్టర్ బార్ బడిపంతులు. గోల్ కొట్టిన జో గేట్జెన్స్ హైతీ నుంచి వచ్చి, న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీలో అకౌంటింగ్ చదువుతూ, ఖర్చుల కోసం ఒక రెస్టారెంట్లో గిన్నెలు కడిగేవాడు. అప్పటికి అతనికి అమెరికా పౌరసత్వం కూడా లేదు. ఎంఎస్ చేద్దామని వచ్చి ఇండియన్ రెస్టారెంట్ వెనక సింకు దగ్గర నిలబడిన ప్రతి తెలుగు కుర్రాడికీ ఈయన వరసకి అన్న అవుతాడు. ఆ మ్యాచ్‌కి అమెరికా నుంచి వెళ్లిన విలేకరి ఒకే ఒక్కడు, సెయింట్ లూయిస్‌కి చెందిన డెంట్ మెక్‌స్కిమింగ్. ఆయన్ని కూడా పత్రిక పంపలేదు. సెలవు పెట్టుకుని, సొంత డబ్బుతో వెళ్లాడు. మేనమామ కూతురి పెళ్లికి వెళ్లినట్టు వెళ్లి, చరిత్ర చూసి వచ్చాడు. ఆ తర్వాత అమెరికా మళ్లీ ప్రపంచకప్‌లో కాలు పెట్టడానికి నలభై ఏళ్లు పట్టింది. ఈ దేశంలో 'రేపు' అంటే నలభై ఏళ్లని దయ్యానికి ఎవరూ చెప్పలేదు పాపం.

మధ్యలో 1975లో న్యూయార్క్ కాస్మోస్ జట్టువాళ్లు డబ్బు మూటలు విప్పి పీలేని తెచ్చారు. ర్యాండల్స్ ఐలండ్ మైదానంలో గడ్డి సరిగా లేదు. టీవీలో బాగుండదని మట్టికి ఆకుపచ్చ రంగు కొట్టించారు. మ్యాచ్ అయ్యాక పీలే తన కాళ్లు చూసుకుని, ఏదో ఫంగస్ అంటుకుందని హడలిపోయాడని చెప్పుకుంటారు. ముఖ్యమంత్రి పర్యటనకి ముందురోజు రాత్రి మొక్కలు తెచ్చి రోడ్డు పక్కన గుచ్చే మన మున్సిపల్ ఇంజనీర్లు ఈ ముక్క చదివి కాలరెగరేయవచ్చు. రెండేళ్లు తిరిగేసరికి అదే జట్టు మ్యాచ్‌కి 77,691 మంది వచ్చారు. వాళ్లు ఆడే లీగ్ 24 జట్లకు పెరిగింది. 1984తో మూతపడింది. ఎదిగి ఎదిగి చచ్చిపోయింది.

ఆ లీగ్ వదిలివెళ్లిన ఆస్తి ఒకటుంది, షూటౌట్. మ్యాచ్ డ్రాగా ముగియడం అమెరికన్లు చూడలేరు కాబట్టి, ముప్పై అయిదు గజాల నుంచి బంతి తోసుకుంటూ వచ్చి కీపర్ని దాటించి గోల్ కొట్టాలని పెట్టారు. చెరిసగం అన్నమాట ఈ దేశంలో విడాకుల కోర్టులో తప్ప వినపడకూడదు.

ఇక సిద్ధాంత చర్చలోకి వద్దాం. 1986లో, ప్రపంచకప్ అమెరికాలో జరపమని అడగాలా వద్దా అని ప్రతినిధుల సభలో చర్చ జరుగుతుంటే జాక్ కెంప్ అనే సభ్యుడు లేచాడు. పూర్వాశ్రమంలో ఆయన అమెరికన్ ఫుట్‌బాల్‌లో, అంటే కోలబంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటలో, జట్టుని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌గా పేరున్నవాడు. తమ ఫుట్‌బాల్ ప్రజాస్వామ్య పెట్టుబడిదారీ ఆట అనీ, సాకర్ యూరప్‌వాళ్ల సోషలిస్టు ఆట అనీ, ఈ తేడా పిల్లలకు తెలియాలనీ సభకు విన్నవించాడు. ఖమ్మంలో పుట్టి పెరిగినవాడిని, ఎర్రజెండా రెపరెపలు నాకు రెండు వీధుల అవతల నుంచే వినపడతాయి. అందుకని ఈ ఆరోపణని నేను సీరియస్‌గా తీసుకుని విచారించాను.

యూరప్ సాకర్‌లో డబ్బున్నవాడు ఎంతైనా పెట్టి ఆటగాణ్ని కొనుక్కుంటాడు. లేనివాడు అమ్ముకుంటాడు. ఇంగ్లండ్‌లో ఏటా ఆఖరి మూడు జట్లను మెడపట్టి కింది డివిజన్‌కి గెంటుతారు. ఏ దయా ఉండదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనో? అందరికన్నా చెత్తగా ఆడినవాడికి మరుసటేడు కొత్త ఆటగాళ్లలో మొదటి ఎంపిక. టీవీ డబ్బు అందరూ సమానంగా పంచుకుంటారు. జీతాల మీద సీలింగ్. ఎవడూ కిందికి పడడు. మా ఊరి పార్టీ ఆఫీసులో పంచే కరపత్రం అక్షరాలా ఇదే. భూమి సీలింగ్ చట్టం ఇందులో పదో వంతు గట్టిగా అమలై ఉంటే మా తాతకి ఇంకో నాలుగెకరాలు వచ్చేవి.

1996లో మొదలైన మేజర్ లీగ్ సాకర్ ఇంకో అడుగు ముందుకేసింది. ఇందులో ఆటగాడు జట్టుతో ఒప్పందం చేసుకోడు, లీగ్‌తోనే చేసుకుంటాడు. జట్లన్నీ ఒకే సంస్థలో వాటాలు. సమష్టి వ్యవసాయ క్షేత్రమన్నమాట. ఒక దశలో ఫిల్ ఆన్‌షుట్జ్ అనే ఒక్క కుబేరుడి చేతిలోనే ఆరు జట్లుండేవి. ఎవరు గెలిచినా ఆయనే, ఎవరు ఓడినా ఆయనే. ఇంట్లో కూర్చుని కుడిచేత్తో ఎడమచేత్తో పేకాట ఆడుకున్నట్టు.

అంతకు ముందు 1994 ఉంది. దాని దగ్గర కాసేపు ఆగాలి.

జూన్ 17, చికాగో, సోల్జర్ ఫీల్డ్. అమెరికాలో మొదటి ప్రపంచకప్ ప్రారంభోత్సవం. గాయని డయానా రాస్ ఎర్రటి దుస్తుల్లో పాడుతూ మైదానం పొడుగునా పరిగెత్తుకొచ్చింది. చివర్లో ఒక పెనాల్టీ కొట్టాలి. బంతి లోపలికి వెళ్లగానే గోల్‌పోస్ట్ రెండుగా విడిపోయేట్టు ఏర్పాటు. దూరం చాలా తక్కువ. కీపర్‌కి ఆపే ఉద్దేశం లేదు. ఆవిడ తన్నింది. బంతి గోల్ పక్కనుంచి బయటికి పోయింది. అయినా గోల్‌పోస్ట్ విరిగి రెండు ముక్కలై పడింది. ఆవిడ ఆ ముక్కల మధ్యనుంచి పాడుకుంటూ వెళ్లిపోయింది. పెళ్లికొడుకు చేతిలోంచి తాళి జారిపడ్డా గట్టిమేళం మోగించేసినట్టు. అమెరికాలో సాకర్ గురించి ఒక్క దృశ్యంలో చెప్పమంటే నేను ఇదే చెబుతాను. బంతి ఎటు పోయినా కార్యక్రమం ఆగదు.

అదే రోజు సాయంత్రం లాస్ ఏంజెలిస్‌లో ఓ తెల్ల బ్రాంకో బండి హైవే ఎక్కింది. అందులో హత్యకేసు నిందితుడు ఓజే సింప్సన్. వెనక పోలీసుల కార్ల ఊరేగింపు. దేశం దేశం టీవీలకి అతుక్కుపోయింది. ఓజే ఎవరు? అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ హీరో. ఏళ్ల తరబడి సిద్ధమై ప్రపంచకప్ తెరిచిన రోజున కూడా ఆ ఫుట్‌బాలే గెలిచింది, మైదానంలోకి దిగకుండా.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ప్రపంచకప్‌కి 35 లక్షల 87 వేల మందికి పైగా వచ్చారు, సగటున మ్యాచ్‌కి దాదాపు 69 వేలు. అప్పుడు ఆడినవి 24 జట్లే. 32 జట్లయ్యాక, ఖతార్ దాకా ఎన్ని ప్రపంచకప్‌లు జరిగినా ఆ లెక్క చెక్కు చెదరలేదు. స్టేడియాలు నింపడంలో అమెరికావాళ్లకు తిరుగులేదు. కొత్త హీరో సినిమా అయినా మొదటిరోజు వెళ్లి చూసే మన అలవాటు లాంటిదే ఇదీ. ఫైనల్లో బ్రెజిల్, ఇటలీ నూట ఇరవై నిమిషాలు ఆడి సున్నా సున్నాగా నిలిచాయి. పాసాదేనా పట్టణంలో మండుటెండలో కూర్చున్న 94 వేల మంది ఏమనుకున్నారో వాళ్లకే తెలియాలి.

మొదట్లో మేజర్ లీగ్ సాకర్ జట్ల పేర్లు చూస్తే వీడియో గేములు గుర్తొచ్చేవి. డాలస్ బర్న్, శాన్ హోసే క్లాష్, కాన్సస్ సిటీ విజ్. గడియారం వెనక్కి తిరిగేది, సున్నా రాగానే మ్యాచ్ అయిపోయేది, గ్యాస్ పొయ్యి మీద కుక్కర్ టైమర్ లాగా. కొన్నాళ్లకి ఇది సాకర్‌లా లేదని ఎవరికో అనిపించింది. యూరప్ పేర్లు తెచ్చుకున్నారు. బర్న్ వెళ్లి ఎఫ్‌సీ డాలస్ అయింది, అది మా ఊరి జట్టే. యూటాలో రియల్ సాల్ట్ లేక్ పుట్టింది. స్పానిష్‌లో 'రియల్' అంటే రాజుగారిది అని అర్థం. 1776లో రాజుని వదిలించుకోవడానికి యుద్ధం చేసిన దేశం, ఉప్పుచెరువు ఒడ్డున కూర్చుని రాజముద్ర కొట్టించుకుంది. మా ఖమ్మం బస్టాండ్ దగ్గర "న్యూయార్క్ బేకరీ"లో ఇరవై ఏళ్లు దిల్‌పసంద్ తిన్నవాడిని, నాకు నవ్వే హక్కు లేదు.

తర్వాత 2007లో ఇంగ్లండ్ ఆటగాడు బెక్‌హామ్ వచ్చాడు. ఆయన కోసం జీతాల సీలింగ్‌కి ఒక కన్నం పెట్టారు. పనిలో పనిగా, ఎప్పటికైనా ఒక జట్టుని రెండున్నర కోట్ల డాలర్లకే కొనుక్కోవచ్చని కాగితంలో రాయించుకున్నాడు. శాన్ డియేగో జట్టు 2025లో ఆడటం మొదలుపెట్టడానికి కట్టిన ప్రవేశ రుసుం 50 కోట్ల డాలర్లు. హైదరాబాద్ శివార్లలో రింగురోడ్డు రాకముందు ఎకరాలు కొన్నవాళ్లని చూసి కుళ్లుకునేవాళ్లం, బెక్‌హామ్ ముందు వాళ్లెంత! ఆయన అలా పెట్టుకున్న మయామీ జట్టుకే 2023లో మెస్సీ వచ్చాడు. వచ్చిన కొద్దిరోజులకే, ఆగస్టు 6న, మా ఫ్రిస్కోకి కూడా వచ్చాడు. సొంత ఊరి స్టేడియంలో ఎక్కడ చూసినా ప్రత్యర్థి గులాబీ రంగు చొక్కాలే. ఎఫ్‌సీ డాలస్ 4-2తో గెలుస్తుంటే జనానికి దిగులు పట్టుకుంది. మెస్సీ ఫ్రీకిక్‌తో 4-4 అయ్యాక మనవాళ్లు ఓడిపోతారన్న ఆశ చిగురించి, పెనాల్టీల్లో నిజంగానే ఓడిపోయాక ఊరంతా సంతోషంగా ఇంటికి వెళ్లింది.

ఇంతసేపూ ముందు తలుపు గురించే చెప్పాను. పెరటి తలుపు ఒకటి 1972లో తెరుచుకుంది. చదువుల్లో ఆడపిల్లలకు వివక్ష ఉండకూడదని చట్టం చేశారు, కాలేజీలు వాళ్ల ఆటలకు కూడా డబ్బు పెట్టాల్సి వచ్చింది. మగవాళ్లు సోషలిజం గురించి ఉపన్యాసాలిస్తుండగా ఆడపిల్లలు వెళ్లి 1991లో మొదటి మహిళా ప్రపంచకప్ గెలుచుకొచ్చారు. దానికి ప్రపంచకప్ అన్న పేరు పెట్టడానికి కూడా అప్పట్లో ఫిఫాకి మనసొప్పక, చాక్లెట్ బిళ్లల పేరు తగిలించింది. ఆడవాళ్లు అలసిపోతారని మ్యాచ్‌ని ఎనభై నిమిషాలే ఉంచింది. 1999 ఫైనల్‌కి 90,185 మంది వచ్చారు. 2015, 2019 కూడా వాళ్లవే. ఈలోగా మగవాళ్ల జట్టు 2017 అక్టోబర్‌లో ట్రినిడాడ్‌కి వెళ్లింది. డ్రా చేసుకుంటే ప్రపంచకప్‌కి వెళ్లిపోవచ్చు. డ్రా అంటే పడదు కదా, 2-1తో ఓడిపోయారు. తమకు మగవాళ్లతో సమానంగా డబ్బులివ్వడం లేదని నాలుగు ప్రపంచకప్‌ల ఆడవాళ్లు కోర్టుకెక్కి, 2022లో 2 కోట్ల 40 లక్షల డాలర్లకు రాజీపడ్డారు. ఇంటి పనంతా చేసిన కోడలు పండక్కి చీర అడిగి తీసుకోవాల్సి రావడం మనకి తెలియని కథేం కాదు.

ఇప్పుడు నా ప్రత్యక్ష అనుభవంలోకి వస్తాను.

ఆరేళ్ల లోపు పిల్లల మ్యాచ్. పొద్దున ఎనిమిది గంటలు. జట్టుకి నలుగురు. ఏడుగురు బెల్లం ముక్కకి చీమలు పట్టినట్టు బంతికి పట్టుకుని మైదానమంతా కదులుతున్నారు. ఒకడు మాత్రం కూర్చుని గడ్డిపువ్వు పీకుతున్నాడు. వాడు మావాడే. ఇంతలో చీమలదండులోంచి ఒక పిల్ల బంతిని లాగి సొంత గోల్‌లోకి కొట్టేసింది. రెండు వైపుల తల్లిదండ్రులూ చప్పట్లు కొట్టి "గుడ్ జాబ్!" అన్నారు. గడ్డిపువ్వు పీకినందుకు మావాడికీ ఒక గుడ్ జాబ్ వచ్చింది. ఆట అయ్యాక ప్లాస్టిక్ కప్పులు, నారింజ తొనలు.

విజిటర్ వీసా మీద వచ్చిన మా అత్తగారు శాలువా కప్పుకుని పక్క కుర్చీలో కూర్చున్నారు. కొత్తగూడెంలో ముప్పై ఏళ్లు లెక్కల టీచరు.

"ఎవరు గెలిచారు బాబూ?"

"ఈ వయసులో స్కోరు రాయరత్తయ్యా."

"మరి కప్పులిచ్చారుగా?"

"అందరికీ ఇస్తారండీ."

"ఓడినవాళ్లకి కూడానా?"

"ఎవరూ ఓడలేదండీ."

ఆవిడ చాలాసేపు మైదానం వంక చూశారు. "మరి నన్ను తెల్లారకుండా లేపి తీసుకొచ్చింది దేనికి నాయనా, నారింజ తొనలకా?"

నేను ఆవిడకి అమెరికన్ విద్యా విధానం గురించి వివరించబోయాను. అప్పటికే ఆవిడ కునుకు తీస్తున్నారు.

ఎనిమిదో ఏడు వచ్చేసరికి గుడ్ జాబులన్నీ వడ్డీతో సహా వసూలు చేస్తారు. సరదా లీగ్‌లోంచి పిల్లవాణ్ని తీసి క్లబ్బులో వేయాలి. దానికి ట్రైఅవుట్ అని పరీక్ష ఉంటుంది. మావాడి క్లబ్బు పేరు చెప్పను, ఇంకా రెండు వాయిదాల ఫీజు బాకీ ఉన్నాను. ఒకే వయసు పిల్లల్ని గోల్డ్, రెడ్, వైట్ అని మూడు జట్లు చేస్తారు. మొదటిసారి ఆ జాబితా ఈమెయిల్లో వచ్చినప్పుడు నా కళ్లు చెమర్చాయి. స్టార్ బ్యాచ్, సూపర్ స్టార్ బ్యాచ్, మిగతావాళ్లు! ఇంటర్మీడియట్ హాస్టల్ వాసన ముక్కుపుటాలకి తగిలింది. ఇన్నేళ్లూ ఈ దేశంలో పరాయివాడిలా తిరిగాను, ఆ రోజు మాత్రం సొంతింటికి వచ్చినట్టనిపించింది. ఆ వారమే మా వీధిలో ముగ్గురు తెలుగు తండ్రులు వ్యక్తిగత శిక్షణ ఇచ్చే కోచ్ నంబరు ఒకరికి తెలియకుండా ఒకరు సంపాదించారు. ముగ్గురిదీ ఒకే కోచ్.

ఫీజుకి తోడు యూనిఫాం రెండు జతలు, కోచ్ ప్రయాణ ఖర్చులు, టోర్నమెంట్ ప్రవేశ రుసుం. టోర్నమెంట్‌కి వేరే ఊరు వెళితే వాళ్లు చెప్పిన హోటల్లోనే దిగాలి, అక్కడ దిగకపోతే ఆడనివ్వరు. అత్తగారి చెల్లెలు ఆ ఊళ్లోనే ఉన్నా సరే. కోచ్‌ది స్కాట్లండ్ యాస అయితే ఫీజు ఒక మెట్టు పైన ఉంటుంది. దాదాపు వందేళ్ల కిందట ఫాల్ రివర్ జట్టువాళ్లు చేసిన పనే మేమూ చేస్తున్నాం, కాకపోతే వాళ్లు ఆడేవాళ్లకు జీతమిచ్చారు. ఎందుకింత ఖర్చని అడిగితే కాలేజీలో స్కాలర్‌షిప్ వస్తుందని చెబుతారు. ఒకసారి మొత్తం లెక్క వేశాను. ఆ డబ్బు పక్కన పెడితే స్కాలర్‌షిప్ అవసరమే ఉండదు. మా ఆవిడకి ఆ కాగితం చూపించలేదు.

పుట్టిన తేదీ సమస్య ఇంకొకటి. 2016 ప్రాంతంలో వయసుల లెక్కని జనవరి 1 నుంచి పెట్టారు. జనవరిలో పుట్టినవాడు గుంపులో పెద్దవాడు, బలంగా ఉంటాడు, కోచ్ కంట్లో పడతాడు. డిసెంబర్‌లో పుట్టినవాడు బెంచీ మీద నీళ్లసీసాలు కాస్తాడు. ముహూర్తం చూసి సిజేరియన్ చేయించుకునే మన జాతికి ఇదో లెక్కా! అంతా సర్దుకున్నాక, 2026-27 నుంచి లెక్క మళ్లీ ఆగస్టు 1కి మారుస్తున్నామన్నారు. మాకు ఇలాంటి టెన్షన్ ఉండేది కాదు. మా హెడ్మాస్టరుగారు బళ్లో చేరడానికి వచ్చిన ప్రతి పిల్లవాణ్ని జూన్‌లోనే పుట్టించేవారు. ఆ మహానుభావుణ్ని తెచ్చి అమెరికా సాకర్ సమాఖ్యలో కూర్చోబెడితే ఒక్క పూటలో సరిచేసేవారు.

మనం మాత్రం ఏం వెలగబెట్టామని ఎవరైనా అడగొచ్చు, అడగాలి కూడా. 1950 నుంచి వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ పోటీ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చేతికింద భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగోది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటిది. ఆ తర్వాత మనమూ తలుపు మీద రాసుకున్నాం. మొన్న 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి మకాం ఎత్తేసింది. అమెరికాలో దయ్యం రోజూ వస్తోంది. మన దగ్గర దయ్యం ఇల్లు ఖాళీ చేసింది.

ఇక 2026 ప్రపంచకప్. కెనడా, మెక్సికోలతో కలిపి 48 జట్లు, 104 మ్యాచ్‌లు. మా పక్కనున్న ఆర్లింగ్టన్‌కే తొమ్మిది ఇచ్చారు, ఇంకే ఊరికీ అన్ని లేవు. ఆతిథ్య దేశం కాబట్టి అమెరికాకి అర్హత పోటీలు లేవు, మేనేజ్‌మెంట్ కోటా సీటు. టికెట్ల ధరలు గిరాకీని బట్టి పెరుగుతాయి. సంక్రాంతికి ప్రైవేటు ట్రావెల్స్‌వాళ్లు చేసేదాన్ని ఇక్కడ ఆర్థికశాస్త్రం అంటారు. 2025 డిసెంబర్‌లో ఏ జట్టు ఎవరితో ఆడాలో చీటీలు తీసిన సభలో ఫిఫా కొత్తగా ఒక శాంతి బహుమతి పుట్టించి అధ్యక్షుడు ట్రంప్‌కి ఇచ్చింది. బంతి తన్నకుండానే కప్పు చేతిలో పెట్టే ఆ పద్ధతి మా ఆరేళ్ల పిల్లల లీగ్‌దేనని ఇక్కడ సవినయంగా మనవి చేసుకుంటున్నాను. అన్నిటికన్నా గొప్ప సంస్కరణ మంచినీళ్ల విరామం. ప్రతి సగంలోనూ మూడు నిమిషాలు ఆట ఆపి ఆటగాళ్లకు నీళ్లిస్తారట. ఆర్లింగ్టన్ స్టేడియంలో పైకప్పు మూసి ఏసీ వేసినా ఇస్తారు. నలభై అయిదు నిమిషాలు ప్రకటన లేకుండా సాగే ఆటని ఎలా భరించాలో తెలియక అమెరికా టీవీ కంపెనీలు ఏళ్ల తరబడి అల్లాడాయి. దాహం వాటిదా ఆటగాళ్లదా అన్నది అప్రస్తుతం.

చివరగా, అధికారుల దృష్టికి ఒక అక్రమాన్ని తీసుకురావాలి.

మొన్నొక ఆదివారం, రాత్రి కురిసిన నాలుగు చినుకులకి మైదానాలు మూసేశామని క్లబ్బు నుంచి మెసేజ్ వచ్చింది. ప్రాక్టీస్ రద్దు. ఫీజు రద్దు కాదు. సాయంత్రం చూస్తే మావాడు ఇంట్లో లేడు. వెతుక్కుంటూ వెళితే, మా ఇళ్ల వెనక కొత్తగా కడుతున్న ఇళ్ల మధ్య ఖాళీ స్థలంలో కనిపించాడు. ఇంటికప్పులు వేసే పనివాళ్లు, హోండురాస్ వాళ్లు కొందరు, మెక్సికో వాళ్లు కొందరు, ఆదివారం కూడా పనిచేసి, దిగి, ఆడుకుంటున్నారు. ఒకవైపు గోల్‌కి రెండు పెయింట్ డబ్బాలు, రెండోవైపు రెండు నీళ్ల కూలర్లు. నేల బురద. ఒకాయన పని బూట్లతోనే ఆడుతున్నాడు, వాటికి సిమెంటు ఎండిపోయి ఉంది. మావాడు ఆ బురదలో పడుతూ లేస్తూ, అడక్కుండానే పరిగెడుతున్నాడు. అలా పరిగెత్తడం నేను క్లబ్బులో ఎన్నడూ చూడలేదు. చొక్కా వెనక నంబరు లేదు. అసలు చొక్కాయే లేదు.

నేను హెడ్ కోచ్ ఎవరని అడిగాను. వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. సంతకం పెట్టాల్సిన ఫారం ఎక్కడుందన్నాను. వయసు ధ్రువీకరణ ఎవరు చూశారన్నాను. గోల్డా, రెడ్డా, వైటా అన్నాను. సిమెంటు బూట్లాయన నా పొట్ట వంక ఒకసారి చూసి, పెయింట్ డబ్బాల మధ్య జాగా చూపించి, "పోర్తేరో, పోర్తేరో" అన్నాడు. గోల్‌కీపర్ అని అర్థమట, తర్వాత మావాడు చెప్పాడు. ఫీజు ఎంతో తేల్చకుండానే నన్ను నిలబెట్టేశారు. ఎదుటి జట్టులో మావాడు.

చీకటిపడేదాకా ఏడు గోల్స్ వదిలేశాను. అందులో మూడు మావాడివే. ఒక్కరంటే ఒక్కరు కూడా గుడ్ జాబ్ అనలేదు.